ఏది నేల ఉసిరి?

వరంగల్: తొలకరి పడి పది రోజులు గడిస్తే చాలు, చేను గట్ల మీద, పెరళ్లలో నేల ఉసిరి మొలకెత్తుతుంది. ఇంట్లో ఎవరికైనా పచ్చకామెర్లు వస్తే "నేల ఉసిరి పీక్కురా" అని పెద్దలు పురమాయించడం పల్లెల్లో మామూలే. పిల్లవాడు పోయి గుప్పెడు మొక్కలు తెస్తాడు. అయితే అతడు తెచ్చినది ఏ నేల ఉసిరి?

ఈ ప్రశ్న విచిత్రంగా తోచవచ్చు. కాని ఆ పోలికతో ఉండే మొక్కలు మన చేలలో ఒకటి కాదు. ఒకటి లేతాకుపచ్చగా, నమిలితే చేదుగా ఉంటుంది. ఇంకొకదాని కాడ ఎరుపు తిరిగి, కాయలు గరుకుగా ఉంటాయి. మూడోదాని ఆకు మొదట్లో సన్నగా ఉండి చివరికి వెడల్పవుతుంది. చూపుకు మాత్రం మూడూ అక్కచెల్లెళ్లే!

పుస్తకాలూ పొరబడ్డాయి

పొరపాటు పిల్లవాడిది మాత్రమే కాదు. ఆ చేదు మొక్కను మన దేశపు గ్రంథాలు చాలాకాలం "ఫిలాంథస్ నిరురి" అని రాస్తూ వచ్చాయి. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన ఆ పేరు నిజానికి అమెరికా ఖండపు మొక్కది. 1957లో వెబ్‌స్టర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ చిక్కు విప్పాడు. మన చేలలోనిది "ఫిలాంథస్ అమారస్". లాటిన్ భాషలో అమారస్ అంటే చేదు.

ఇది పేర్ల తగాదాగా కొట్టిపారేయదగినది కాదు. 1988లో మద్రాసు పరిశోధకులు ఈ మొక్క హెపటైటిస్-బి వైరస్‌పై పనిచేస్తున్నట్లు "లాన్సెట్" వైద్య పత్రికలో ప్రకటించారు. తరువాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం కనబడలేదు. ఇటువంటి పరీక్షలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే, అందరూ వాడినది ఒకే మొక్క అని ముందుగా తేలాలి కదా!

ఇంటిపేరు ముందు

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తేమీ కాదు. మనం ఇంటిపేరు ముందు చెప్పి, తరువాత సొంత పేరు చెబుతాం. శాస్త్రజ్ఞులూ అంతే. "ఫిలాంథస్" ఇంటిపేరు, దానిని ప్రజాతి అంటారు. "అమారస్" సొంత పేరు, అది జాతి. కొన్ని ప్రజాతులు కలిస్తే కుటుంబం. ఈ మొక్కలు లోగడ ఆముదం కుటుంబంలో ఉండేవి. డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక వేరుపడి తమకంటూ ఒక కుటుంబం ఏర్పరచుకున్నాయి.

పేరు పెట్టినవారు ఒక నమూనా మొక్కను ఎండబెట్టి భద్రపరచాలి. సందేహం వచ్చినప్పుడు ఆ నమూనాయే సాక్షి. ఒకే మొక్కకు ఇద్దరు పేరు పెడితే సాధారణంగా ముందు ప్రకటించినదే చెల్లుతుంది.

పల్లె కన్ను

పల్లెవారి పేర్లు తక్కువవని దీని అర్థం కాదు. జానెడు మొక్కకూ, పెద్ద చెట్టుకూ "ఉసిరి" అనే పేరు కలిపినది పల్లెవారే. లినేయస్ కూడా పెద్ద ఉసిరిని ఫిలాంథస్‌లోనే చేర్చాడు. ఆయన చూసిన చుట్టరికాన్ని మన పల్లెలూ పసిగట్టాయన్నమాట.

తెలుగు మాటలు శాస్త్రంలోకీ వెళ్లాయి. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో, జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును 1795లో మొదలైన తన కోరమండల్ గ్రంథంలో వర్ణించాడు. 1830లో దానికి "సోయ్‌మిడా" అనే ప్రజాతి నామం స్థిరపడింది. కట్లపాము ప్రజాతి "బంగారస్" కూడా మన "బంగారు" మాటే. విశాఖపట్నంలో పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ తన 1796 నాటి గ్రంథంలో తెలుగు పేర్లను నమోదు చేయడం వల్లనే ఇది సాధ్యమైంది. బీడీ ఆకుల తునికికి రాక్స్‌బరో పెట్టిన "మెలనోజైలాన్" అనే మాటకు నల్ల కర్ర అని అర్థం.

రాసిపెట్టేవారు కావాలి

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలోని హెర్బేరియంలో ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి భద్రపరుస్తారు. ఎక్కడ, ఎప్పుడు సేకరించారో చీటీ మీద రాస్తారు. అట్టి చీటీలో ఊరివారి పేరుకూ చోటుంటే ఆ మొక్క విలువ రెట్టింపవుతుంది. పాకాల, ఏటూరునాగారం అడవుల మొక్కల పేర్లు ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారితోపాటు పేర్లూ పోతాయి. పాఠశాలల పిల్లలు తమ ఊరి మొక్కలను సేకరించి, తాతను, అమ్మమ్మను అడిగి పేరు రాసిపెడితే ఆ నష్టం కొంతైనా తగ్గుతుంది.

ఇకపోతే, కామెర్లు కనబడితే మొదట రక్తపరీక్ష చేయించి డాక్టరును సంప్రదించడం మంచిది. పేరు తేలని ఆకును గ్లాసులో కలిపి రోగి చేతికివ్వడం ఎవరికీ క్షేమం కాదు.