అస్త్రమూ - దాని వెల

పిల్లలాడే ఆటలను పెద్దలు సాధారణంగా రెండు విధాలుగా చూస్తారు. కాలహరణమని కసరుకోవడం ఒకటి. కంటబడనట్లు ఊరకుండడం రెండవది. మూడవ మార్గం కూడ ఒకటి ఉన్నది. ఆ ఆటను కల్పించిన వారి బుద్ధి ఏ విధంగా పనిచేసిందో పరిశీలించడం. చదరంగాన్ని అట్లా పరిశీలించడానికి మనమెన్నడూ సంకోచించలేదు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల మీద జపాను దేశీయులు నిర్మించిన ఆకాశయుద్ధపు ఆటలను కూడ ఆ దృష్టితో చూడవచ్చును.

ఈ ఆటల స్వరూపం సులభగ్రాహ్యం. తెర అడుగున ఆటగాని విమానం ఉంటుంది. నేల, సముద్రం, నక్షత్రాలు పైనుండి క్రిందికి జారుతూ ఉంటాయి గనుక విమానం నిరంతరం ముందుకు పోతున్నట్లు తోస్తుంది. ఎదురుగా వచ్చే శత్రువులను కూల్చాలి. వారి గుండ్ల నుండి తప్పుకోవాలి. ఇంతే అయితే నాలుగు దినాలలో విసుగు పుట్టవలసిందే. అట్లు పుట్టకపోవడానికి కారణం ఆయుధాల కల్పనలో ఉన్నది.

వీటికి పూర్వరూపమనదగినది 1978లో టైటో సంస్థకు తొమొహిరో నిషికాదో నిర్మించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’. దానిలో నేల కదలదు. ఆయుధమూ ఒక్కటే. అయినప్పటికీ దానికొక నియమం పెట్టారు. విడిచిన గుండు లక్ష్యాన్ని తాకడమో, తెర దాటిపోవడమో జరిగేవరకు రెండవ గుండు వెలువడదు. గురి తప్పినవాడు అంతసేపూ నిరాయుధుడు. తొందరపాటుకు శిక్ష వేరే విధించనక్కరలేకుండ, ఆయుధమే విధిస్తున్నది.

1981లో నామ్‌కో సంస్థ వారి ‘గెలాగా’లో ఈ ఆలోచన మరింత ముదిరింది. శత్రునాయకుడు ఒక కాంతిజాలాన్ని పరచి మన విమానాన్ని పట్టుకొనిపోతాడు. ఒక ప్రాణం పోయినట్లే. కాని మిగిలిన ప్రాణంతో పోరాడి ఆ బందీని విడిపించుకొంటే రెండు విమానాలు జంటగా నిలుస్తాయి, గుండ్లు రెట్టింపవుతాయి. అందుచేత చతురుడైన ఆటగాడు కావాలనే బందీ అవుతాడు. అయితే జంట విమానానికి వెడల్పు కూడ రెట్టింపే. ఇంతకుముందు ప్రక్కనుండి పోయిన గుండు ఇప్పుడు తగులుతుంది. బలం పెరిగినంత మేర, దెబ్బ తినే చోటు కూడ పెరిగింది.

ఆటలో దొరికే ఇట్టి బలాన్ని ఆంగ్లంలో ‘పవర్‌అప్’ అంటారు. తెలుగులో ‘బలవర్ధకం’ అనవచ్చును. ఆ మాట వినగానే లేహ్యం గుర్తుకు వస్తే తప్పు లేదు. దానివలెనే దీనికీ పథ్యం ఉన్నది. 1984లో క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసిన ‘1942’లో ఎర్రని విమానాల బారును పూర్తిగా కూలిస్తేనే బలవర్ధకం లభిస్తుంది. దానివల్ల తుపాకులు రెండు నాలుగు కావచ్చును, లేదా ఇరుప్రక్కల రెండు చిన్న విమానాలు అంగరక్షకులుగా రావచ్చును. 1990 నాటి ‘రైడెన్’లో మరొక చిక్కు పెట్టారు. తేలుతూ వచ్చే గుర్తు కొంతసేపు ఎరుపు, కొంతసేపు నీలం. ఎరుపు ఆయుధం విసనకర్రవలె విస్తరిస్తుంది. నీలం సూటిగా ఒకేచోట గట్టిగా తాకుతుంది. ఉన్న రంగునే మరల తీసుకొంటే బలం హెచ్చుతుంది. కావలసిన రంగు వచ్చేవరకు ఆగాలి. ఆగినంతసేపూ శత్రువు ఊరకుండడు. రెండింటినీ ఒకేసారి ధరించే అవకాశం లేదు. ఒకటి కోరుకోవడమంటే మరొకదానిని వదులుకోవడమే.

ఇక బాంబు సంగతి. 1985లో టోప్లాన్ వారు నిర్మించిన ‘టైగర్-హెలి’లో హెలికాప్టరు రెండు బాంబులు మోస్తుంది. విడిచినచోట చుట్టూ ఉన్నదంతా భస్మమవుతుంది. శత్రుగుండు బాంబుకు తగిలినా అది పేలి మనలను కాపాడుతుంది. తరువాతి ఆటలు అనేకం ఈ బాంబును అనుసరించాయి. కొత్తగా ఆడేవాడు దానిని ఇంకా పెద్ద ఆపద కొరకు దాచి దాచి, చివరకు వాడకుండానే కూలిపోతాడు. కర్ణుని కథ ఎరిగిన మనకు ఇందులో వింత తోచదు. సహజకవచకుండలాలు ఇచ్చి ఇంద్రుని వలన పొందిన శక్తిని అతడు అర్జునుని కొరకు దాచాడు. రాత్రియుద్ధంలో ఘటోత్కచుని మీద విడువవలసి వచ్చింది. ఒక్కసారికే పనికివచ్చే ఆయుధం చేతిలో ఉన్నవానికి శత్రువుతోపాటు తన మనస్సుతో కూడ యుద్ధం తప్పదు.

ఈ ఆటలలో అన్నింటికంటె కఠినమైన నియమం వేరొకటి. రైడెన్ వంటి వాటిలో ప్రాణం పోతే కూడబెట్టిన బలమూ పోతుంది. మరుక్షణం మొదటి చిన్న తుపాకితో, అదే భయంకర శత్రువు ఎదుట నిలువవలె. బలం ఎక్కువ కావలసిన సమయంలోనే అది లేకుండ పోతుంది. ఆయుధాన్ని నమ్మి ఆడినవాడు అక్కడ కుప్పకూలుతాడు. తప్పుకోవడం నేర్చినవాడు మరల లేచి నిలుస్తాడు. పోయిన తరువాత మిగిలేది నేర్పు ఒక్కటే.

1996లో వచ్చిన ‘బ్యాట్‌ల్ గరెగ్గా’ ఈ తర్కాన్ని తుదికంటా తీసుకొనిపోయింది. ఆటగాడు ఎన్ని గుండ్లు విడిచాడు, ఎన్ని బలవర్ధకాలు ఏరుకొన్నాడు అని యంత్రం లోలోపల లెక్క పెడుతుంది. లెక్క పెరిగినకొలదీ శత్రువుల దాడి ఉద్ధృతమవుతుంది. కనబడినదెల్లా ఏరుకొన్నవాడు తన మృత్యువును తానే పెంచుకొంటాడు. అందుచేత నిపుణులు కొన్ని గుర్తులను ఎదుట ఉన్నా తాకక విడిచిపెడతారు. అదనపు ప్రాణాలు సంపాదించి, వాటిలో ఒకదానిని కావాలనే పోగొట్టుకొని ఆ ఉద్ధృతిని తగ్గిస్తారు. అపరిగ్రహమనే మాటకు ఆటస్థలంలో ఇంతటి దృష్టాంతం దొరకడం విశేషమే.

2001లో ట్రెజర్ సంస్థ నిర్మించిన ‘ఇకరుగా’లో ఏరుకొనే బలవర్ధకాలే లేవు. విమానానికి తెలుపు, నలుపు అని రెండు వర్ణాలు. తన వర్ణపు గుండ్లు తగిలితే అవి శక్తిగా మారి, తిరిగి శత్రువు మీదికే పోతాయి. వేరు వర్ణపు గుండు ఒకటి తాకితే మరణమే. కాని ఎదిరి వర్ణానికి విరుద్ధ వర్ణంతో కొడితే దెబ్బకు బలం రెట్టింపు. రక్షణ కోరితే దెబ్బ తగ్గుతుంది. దెబ్బ కోరితే రక్షణ పోతుంది. ప్రతి నిమిషం ఎన్నుకొనవలసిందే.

ఇట్లు ఈ ఆటలు బలానికి వెల కట్టడంలో గొప్ప సూక్ష్మత చూపాయి. ఒక లోపాన్ని మాత్రం దాచి ప్రయోజనం లేదు. ఎవరిని కొట్టవలె, ఎందుకు కొట్టవలె అన్న ప్రశ్న వీటిలో పుట్టదు. ‘1942’ను జపాను సంస్థయే నిర్మించింది; కాని దానిలో ఆటగాడు నడిపేది అమెరికా విమానం, కూల్చేది జపాను విమానాలు. యంత్రానికి అందులో వైరుధ్యమేమీ లేదు. ఆయుధానికి నియమం ఉన్నది గాని పక్షం లేదు.

ఆ ప్రశ్నను ఉపాధ్యాయుడు అందుకొనవలె. బాలకాండలో విశ్వామిత్రుని వద్ద దివ్యాస్త్రాలు పొందిన వెంటనే శ్రీరాముడు వాటి ఉపసంహారవిధిని కూడ ఉపదేశించమని ప్రార్థిస్తాడు. అస్త్రం చేతికి వచ్చినదనే సంతోషం కంటె దానిని మరలించడం తెలియవలెననే చింత అతనికి ముందు కలిగింది. ఎరుపు గుర్తు ఏది, నీలం గుర్తు ఏది అని మన విద్యార్థి మనకంటె చక్కగా చెప్పగలడు. ఏ గుర్తును తాకక విడిచిపెట్టావు, ఎందుకు విడిచిపెట్టావు అని అతనిని అడిగి చూడవలె. ఆ సమాధానం వెంట మహాభారతపాఠం ప్రారంభిస్తే తరగతి శ్రద్ధగా వింటుంది.