వదులైన మరమేకు – ఇంటికి ముప్పు

గ్రామమున ఇల్లు కాలినప్పుడు “షార్టు సర్క్యూటు వలన” అని చెప్పుకొనుట పరిపాటి. కాని రెండు తీగెలు ఒకదానినొకటి తాకకయే, సాకెట్టులో ఒక మరమేకు వదులగుట వలన కూడ నిప్పు పుట్టవచ్చును. పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొని పదిమందికి చెప్పుట అవసరము.

తీగె కొనను మరమేకుతో బిగించు చోటును టెర్మినల్ అందురు. బిగింపు వదులైనచో లోహము లోహమునకు పూర్తిగ అంటదు. కరెంటు ఇరుకు దారిన పోవలసివచ్చి, అచ్చట వేడి పుట్టును. కరెంటు రెండింతలైనచో వేడి నాలుగింతలగును. 230 వోల్టులపై 2,000 వాట్ల నీటి హీటరు సుమారు 8.5 ఆంపియర్లు తీసికొనును. టెర్మినల్ వద్ద నిరోధము అర ఓము మాత్రమేయైనను ఆ చిన్న చోట 36 వాట్ల వేడి పుట్టును. రేడియో బాగుచేయువారు సీసము కరగించు కడ్డీకి 25 వాట్లు చాలును! వేడికి లోహముపై నల్లని పొర యేర్పడి నిరోధము పెరుగును. నిరోధముతో వేడియు మరల హెచ్చును. తీగెపై సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు తట్టుకొనునట్లే చేయబడినది.

ఫ్యూజు ఉన్నదిగదా యని ధైర్యపడరాదు. ఫ్యూజుగాని, ఎం.సి.బి.గాని కరెంటు పరిమితి మించినప్పుడే పనిచేయును. వదులు బిగింపు కరెంటును పెంచదు. కావున ఫ్యూజు చెక్కుచెదరకయే సాకెట్టు కాలిపోవచ్చును.

అల్యూమినియము తీగె రాగికంటె మెత్తనిది. మర క్రింద నలిగి క్రమముగ వదులగును. దానిని రాగి తీగెతో మెలిపెట్టి టేపు చుట్టుట తగదు.

దీపము మినుకుమినుకుమనుట, స్విచ్చివద్ద చిటపట శబ్దము, మాడు వాసన, ప్లగ్గు వేడెక్కుట, మూత గోధుమరంగుకు మారుట – ఇవి ముందుగ కనబడు గుర్తులు. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, లైసెన్సుగల పనివానిని పిలువవలెను. అతడు మాడిన కొనను కత్తిరించి, కొత్త కొనను శుభ్రపరచి, పూర్తిగ లోనికి చొప్పించి బిగించవలెను. మాడిన సాకెట్టును మార్చవలెనేగాని మరల వాడరాదు. హీటరువంటి వానికి 16 ఆంపియర్ల సాకెట్టే వలయును.

ఒక ఇంట దీపములు మసకబారి, పొరుగింట మిక్కిలి ప్రకాశించినచో వీధి లైనులో న్యూట్రల్ తీగె వదులైనదని అనుమానింపవలెను. అప్పుడు కొన్ని ఇండ్లకు 400 వోల్టులకు సమీపముగ రావచ్చును. మెయిన్ ఆపి, 1912 నంబరుకు తెలుపవలెను.

వేసవికి పూర్వమే పాఠశాల, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయములందలి స్విచ్చిబోర్డులను పరీక్షింపజేయుటకు సభ్యులు తీర్మానించుట మేలు. పూరిండ్ల వాడలయందు ఈ హెచ్చరికను ఇంటింటికి చేర్పవలెను. అర ఘడియలో బిగింపదగిన మర ఒక కుటుంబపు ఆస్తిని, ప్రాణమును కాపాడగలదు.