టమాట నారు కొనాలా, ఇంట్లో గింజ వేసుకోవాలా?

గర్భిణీ స్త్రీలకు ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు, భోజనంలో ఏదైనా పుల్లటి పండో పచ్చి టమాట ముక్కో ఉండేలా చూసుకోమని మేము చెబుతుంటాము. ఆకుకూరల్లో, పప్పుల్లో, సజ్జల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. వంద గ్రాముల పచ్చి టమాటలో అది సుమారు 14 మిల్లీగ్రాములు ఉంటుంది. జామకాయతో, ఉసిరికాయతో పోలిస్తే ఇది తక్కువే. అయినా సంగటిలోకి ఊరుబిండి, అన్నంలోకి టమాట పప్పు చేసుకునే మన కర్నూలు, కడప ఇళ్ళలో తరచుగా అందుబాటులో ఉండేది టమాటే. ఉడికితే విటమిన్ సి కొంత పోతుంది కనుక ఒక ముక్క పచ్చిగా తినడం మేలు.

ఇబ్బంది అంతా ధరతోనే. కొనేవారు లేక పత్తికొండ రైతులు టమాటను రోడ్డు పక్కన పారబోసిన రోజులు మనం చూశాము. 2023 జూలైలో అదే టమాట కిలో వంద రూపాయలు దాటిపోయింది. అప్పుడు చాలా ఇళ్ళలో చింతపండుతోనే సరిపెట్టుకున్నారు. ఇంటి దగ్గర నాలుగు చెట్లు వేసుకోండని మేము చెప్పినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. నర్సరీలో నారు తెచ్చి నాటాలా, గింజలు తెచ్చి ఇంట్లోనే నారు పోసుకోవాలా?

నారు కొంటే నెల రోజులు కలిసివస్తాయి. టమాట గింజ మొలవడానికి వారం, నాటే ఈడుకు రావడానికి ఇంకో మూడు వారాలు పడుతుంది. మన ఎండలో ఆ నాలుగు వారాలే కష్టమైనవి. ఒక్క మధ్యాహ్నం నీళ్ళు మరిచిపోతే చాలు, సాయంత్రానికి మొలకలు వాలిపోయి ఉంటాయి. పగలంతా కూలికి వెళ్ళేవారు, పసిబిడ్డతో తీరిక లేని తల్లులు, మంచం మీద రోగిని చూసుకుంటున్నవారు నారు కొనుక్కోవడమే మంచిదని మా అభిప్రాయం. నాలుగైదు మొక్కల కోసం అంత శ్రమ అక్కరలేదు.

అయితే నర్సరీల్లో పెంచే నారు చాలావరకు రైతుల కోసం. కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో వేల మొక్కలు పెంచుతారు. అవి సాధారణంగా హైబ్రిడ్ రకాలు. కట్టెలు పాతి తీగ కట్టి, ఎరువులు దండిగా వేస్తేనే ఆ కాపు కాస్తాయి. మన పెరట్లో అదే కాపు రాలేదని బాధపడనక్కరలేదు. అసలు భయం వేరే ఉంది, అది తెల్లదోమ.

తెల్లదోమ మనల్ని కుట్టే దోమ కాదు. ఆకు అడుగున చేరి రసం పీల్చే చిన్న తెల్లటి పురుగు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఆకుముడత వైరస్‌ను మోసుకుపోతుంది. ఆ వైరస్ సోకిన మొక్క ఆకులు చిన్నవై, పసుపు రంగుకు తిరిగి, ముడుచుకుపోతాయి. చెట్టు గిడసబారిపోతుంది. దీనికి మందు లేదు, పీకి దూరంగా పారవేయడమే. లేత నారులో సోకితే ఇక కాపు మీద ఆశ వదులుకోవలసిందే, పూత దాటాక సోకితే కొంతైనా దక్కుతుంది. అంటే మొదటి నెల రోజులు మొక్క ఎక్కడ పెరిగింది అన్నదే ముఖ్యం. సన్నటి వల కింద పెరిగిన నారు వేరు, సంత దగ్గర బండి మీద మూడు రోజులు ఆరుబయట ఉన్న నారు వేరు.

కాబట్టి కొనేటప్పుడు మొక్కను చేతిలోకి తీసుకుని మెల్లగా తట్టండి. తెల్లటి నలుసులు లేచి ఎగిరితే ఆ బండి దగ్గర కొనవద్దు. జానెడు లోపు ఎత్తు, గట్టి కాండం, నాలుగైదు ఆకులు ఉంటే మంచి నారు. పొడుగ్గా సాగి పాలిపోయినవి నీడలో ఇరుకున పెరిగినవి. పూత ఉన్న మొక్కను చూసి ముచ్చటపడి తీసుకుంటారు గానీ, అది ముదిరిపోయిన నారు, మట్టిలో వేరు సరిగా పట్టదు. నర్సరీలో మందు కొట్టి ఉంటారు కనుక నాటిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక గింజల సంగతి. రోజుకు రెండుసార్లు చూసుకోగల మనిషి ఇంట్లో ఉంటే మేము గింజ వైపే మొగ్గుతాము. గ్రాము టమాట గింజల్లో దాదాపు మూడు వందలు ఉంటాయి. చిన్న ప్యాకెట్ కొంటే నాలుగిళ్ళు పంచుకోవచ్చు. పొడిగా, చల్లగా దాచుకుంటే గింజలు మూడేళ్ళ వరకు మొలుస్తాయి. రకాన్ని కూడా మనమే ఎంచుకోవచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క వికాస్, ఢిల్లీ నుంచి వచ్చిన పూసా రూబీ వంటి సూటి రకాలైతే మన చెట్టు పండు నుంచే మళ్ళీ గింజ తీసుకోవచ్చు. అదే బెంగళూరు సంస్థ తెచ్చిన అర్క రక్షక్ ఆకుముడతతో సహా మూడు తెగుళ్ళను తట్టుకుంటుంది. కానీ అది హైబ్రిడ్, దాని పండు నుంచి తీసిన గింజ తల్లి గుణం నిలుపుకోదు. ఊటుకూరు, బనవాసి, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాల్లో రకాల గురించి అడిగి తెలుసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ప్యాకెట్‌లోని గింజలు గులాబీ రంగులోనో పచ్చరంగులోనో ఉంటే అది సాధారణంగా బూజు మందు పూతకు గుర్తు. పిల్లలకు అవి మిఠాయి పలుకుల్లా కనబడతాయి. మిగిలిన గింజలను వంటింటి డబ్బాల్లో పెట్టవద్దు, ప్యాకెట్ మీది పేరు చించివేయవద్దు. పిల్లవాడు మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఆ ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి తీసుకురండి. పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచే అలవాటు ఇంకా పోలేదు. నాలుగు టమాట చెట్లకు ఆ మందే అవసరం లేదు, వేపనూనె నీళ్ళలో కలిపి చల్లితే చాలు.

నారు పోయడానికి పగిలిన కుండ అడుగైనా, కన్నాలు పెట్టిన డబ్బా అయినా పనికివస్తుంది. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలపండి. పచ్చిపేడ వద్దు. గింజను అర సెంటీమీటరు లోతున వేసి మట్టి కప్పి, మొలక కనబడేదాకా తడి గోనె పరచండి. మొలక రాగానే గోనె తీసివేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు సాగిపోతాయి. నీళ్ళు ఉదయం పూట పోయాలి. రాత్రంతా తడి నిలిస్తే మొదలు దగ్గర కుళ్ళి నారు పడిపోతుంది. ప్రేమతో ఎక్కువ నీళ్ళు పోసి పోగొట్టుకునేవారు కూడా చాలామంది.

తెల్లదోమ రాకుండా పాత వాయిల్ చీర ముక్కను నాలుగు పుల్లల మీద గుడారంలా కట్టి, అంచులను మట్టితో మూయండి. దోమతెర చాలదు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. బీడీ తాగేవారు చేతులు సబ్బుతో కడుక్కోకుండా నారు ముట్టుకోకూడదు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ వేళ్ళ ద్వారా టమాటకు అంటుకుంటుంది. బీడీ మానేస్తే చెట్టుకూ మనిషికీ మంచిదే అనుకోండి.

మిద్దె మీద కుండీలు పెట్టేవారు వాటిని కడప బండ మీద నేరుగా ఉంచవద్దు. మధ్యాహ్నానికి బండ కాలి వేర్లు ఉడికిపోతాయి, రెండు ఇటుకలు వేసి పైన పెట్టండి. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది, రెండు మూడు రోజులకొకసారి పారబోసి రుద్ది కడగండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు చెట్టుకు పోయవచ్చు. బట్టలుతికిన సబ్బునీళ్ళు వద్దు.

మార్చి నుంచి మే దాకా నారు కొన్నా, గింజ వేసినా ఫలితం తక్కువే. పగలు ఎండ 40 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత కాయ కట్టకుండా రాలిపోతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే నెలల్లో చెట్టుకు రోజూ లీటరు, రెండు లీటర్లు పోయమని మేము చెప్పలేము.

మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు, ఇంటి చెట్టు కాయే కదా అని ఎక్కువ తినకూడదు. ఎంత తినవచ్చో అడిగి తెలుసుకోండి.

సెప్టెంబరు చివర గింజ వేస్తే అక్టోబరు చివర నాటవచ్చు. నాటడానికి వారం ముందు నుంచి గుడ్డను రోజూ ఉదయం కాసేపు తీసి మొక్కలను ఎండకు అలవాటు చేయండి. సాయంత్రం పూట, ఒక్కో మొక్కకు రెండడుగుల ఎడం ఇచ్చి, మొదటి ఆకుల దాకా మట్టిలో దించి నాటండి. కాండం మీద కూడా వేర్లు పుడతాయి. జనవరికి మొదటి పండ్లు వస్తాయి.