చిత్రమును పెంచినచో కొత్త వివరము వచ్చునా?

1957లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయుచుండిన రసెల్ కిర్ష్, తన పసికుమారుని ఛాయాచిత్రము నొకదానిని సంఖ్యలుగా మార్చి కంప్యూటరునకు అందజేసెను. అందు అడ్డమునకు 176, నిలువునకు 176, వెరసి 30,976 చుక్కలు. ఈ చుక్కనే నేడు పిక్సెలు అందురు. పిక్సెలు అనగా అచ్చట వెలుగెంతయో చెప్పు సంఖ్య మాత్రమే. సాధారణముగా నలుపునకు 0, తెలుపునకు 255 వాడుదురు.

ఆ చిత్రమును పొడవు వెడల్పులలో రెండింతలు చేయవలెనన్నచో 1,23,904 పిక్సెళ్లు కావలెను. అదనపు 92,928 ఎక్కడినుండి వచ్చును? అవి యంత్రము చూచినవి కావు. కంప్యూటరు ఊహించి నింపవలసినవే. ప్రక్క పిక్సెలునే మరల వ్రాయుట ఒక పద్ధతి. అప్పుడు ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా కనబడును. ఇరువైపుల 40, 80 ఉన్నచో నడుమ 60 వేయుట మరియొకటి. మెట్లు పోవును గాని అంచులు మసకబారును. చుట్టునున్న 16 పిక్సెళ్లను లెక్కించు బైక్యూబిక్ పద్ధతి ఛాయాచిత్రములకు మేలు. అయినను ఆ 40, 80ల నడుమ నిజముగా నొక నల్లని వెండ్రుక ఉండెనేమో ఏ లెక్కకును తెలియదు.

కృత్రిమ మేధ పద్ధతులు వేలకొలది ముఖములను చూచి నేర్చి, చిత్రమున లేని వివరమును గూడ స్ఫుటముగా గీసివేయును. చిక్కు ఇచ్చటనే. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పల్స్ అను పద్ధతికి బరాక్ ఒబామా మసక చిత్రము నీయగా, అది ఒక తెల్లజాతివాని ముఖమును చూపెను. నిఘా కెమెరా చిత్రమును ఇట్లు పెంచి దొంగను గుర్తింపజూచినచో నిరపరాధి చిక్కుకొనవచ్చును.

తగ్గించుట సులభమని తోచును గాని అందును మెలకువ కావలెను. గళ్ల కాగితముపై ఒక వరుస నలుపు, ఒక వరుస తెలుపుగా నింపి, వరుస విడిచి వరుస తీసివేసి చూడుడు: మిగిలినదంతయు నలుపే, లేదా తెలుపే! నాలుగేసి గళ్ల సగటు తీసినచో బూడిదరంగు వచ్చును. చారలు పోయినను మొత్తపు వెలుగు తప్పదు. పోయిన చారలు మరల రావు గనుక మూలప్రతిని వేరుగా దాచవలెను.

అచ్చు కొలతను మార్చుట వేరు. 3000 × 2400 పిక్సెళ్ల చిత్రము అంగుళమునకు 300 చొప్పున 10 × 8 అంగుళములు, 150 చొప్పున 20 × 16 అంగుళములు వచ్చును. ఒక్క సంఖ్యయు మారదు. ఇక రేఖాగణిత పటములకు పిక్సెళ్లతో పనియే లేదు. వృత్తమును కేంద్రము, వ్యాసార్ధములుగా దాచు వెక్టర్ పద్ధతిలో, ప్రశ్నపత్రమునకైనను గోడపటమునకైనను కంప్యూటరు దానిని ఆ కొలతకు కొత్తగా గీయును.