తగలని గద

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆనకట్టకు దిగువ నొక పల్లె పాఠశాలలో కొన్నియేండ్ల క్రిందట వార్షికోత్సవము జరిగెను. నేను అతిథిని. జలాశయము మీది గాలికి తెరలు నిలుచుట లేదు. ప్రదర్శన భీమదుర్యోధనుల గదాయుద్ధము. అభ్యాసమంతయు ఉత్తచేతులతోనే జరిగినదట. వడ్రంగి చెక్కిన గదలు ఆ సాయంకాలమే వచ్చినవి. మూడవ దెబ్బకు దుర్యోధనుని కనుబొమ చిట్లినది. చెంపపై కారినది రంగనుకొని జనులు చప్పట్లు చరచిరి. నేనును చరచితిని.

తెర దించిన పిదప ఆ బాలుని యొద్దకు పోతిని. ఉపాధ్యాయుడొకరు నొసటికి గుడ్డ అదిమి పట్టియుండిరి. "దెబ్బ తగులగనే ఎందుకు ఆగలేదోయి?" అంటిని. "ఆగితే ఆట చెడుతది గద సార్" అనెను. ఆ మాటలో ధైర్యము లేకపోలేదు. కాని ఆ ధైర్యమును వానికి నేర్పినది చూచువారమైన మేమే. దెబ్బ నిజమైనచో నటన గొప్పదను భ్రాంతి మనలో నున్నది.

మన పూర్వులకు ఈ భ్రాంతి లేదు. భరతుడు నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమును గూర్చి చెప్పుచు, రంగముపై ఆయుధములతో పొడువరాదు, నరుకరాదు, కొట్టరాదు, సంజ్ఞామాత్రముగ చూపి చాలింపవలెనని నియమించినాడు. ఆయుధములును ఆభరణములును బరువైనవి కారాదు. వెదురు, లక్క, తోలు, గుడ్డ మొదలగు తేలిక వస్తువులతో కూర్పవలెను. ఏలయన, బరువు మోయు నటునికి చెమట పట్టును, మూర్ఛ వచ్చును. శాస్త్రకారుడు చెమటను, మూర్ఛను పేరు పెట్టి చెప్పినాడనగా, నటులు కూలుట కన్నులార చూచియే యుండును.

భాసుని పేర వెలసిన ఊరుభంగమును చూడుడు. రూపకమునకు పేరే తొడ విరుగుట. అయినను గదాయుద్ధము ప్రేక్షకునికి కనబడదు. ముగ్గురు భటులు దానిని వర్ణించి చెప్పుదురు. విరిగిన తొడలతో దుర్యోధనుడు తరువాత ప్రవేశించును. మరణమును రంగముపై చూపరాదను నియమమును మీరిన కవి, గద దెబ్బను మాత్రము మాటలకే విడిచినాడు. ఏటేట తరగతిలో చెప్పుచును నేనీ విశేషమును చాలకాలము గమనింపలేదు.

నిజామాబాదు ప్రాంతపు చిందు భాగవతులు శాస్త్రము చదివి నేర్చినవారు కారు. అయినను వారి కిరీటములు, భుజకీర్తులు తేలిక కర్రవి. బోధను చెంత నివసించి 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మ ఈ కళకు దేశమున పేరు తెచ్చినది. యుద్ధఘట్టమున ఇక్కడ కత్తి కంటె కాలికి పని యెక్కువ. చిందు అడుగుతో ఒకరినొకరు చుట్టివత్తురు, మద్దెల మ్రోగును, నటుడు తూలును. దెబ్బ పడినది మద్దెల మీద, బాధ కనబడినది ముఖము మీద!

చలనచిత్రములో కెమెరా మీదికి వచ్చును గనుక దూరము తగ్గును, ప్రమాదము హెచ్చును. 1982లో బెంగుళూరున 'కూలీ' చిత్రమునకై పోరాటఘట్టము తీయుచుండగా బల్ల అంచు తగిలి అమితాబ్ బచ్చన్ పేగు చిట్లినది. ఆయన మృత్యుముఖము వరకు పోయి వచ్చెను. 1983లో చిత్రము విడుదలైనపుడు ఆ దృశ్యమున బొమ్మను నిలిపి, దెబ్బ తగిలినది ఇక్కడనే యని వ్రాసి చూపిరి. మా పల్లె చప్పట్లకు అది అన్నగారు. అంతకంటె ఘోరము 2016 నవంబరులో జరిగినది. అదే నగరము చెంత తిప్పగొండనహళ్ళి జలాశయమున, 'మాస్తిగుడి' యను కన్నడ చిత్రపు తుది పోరాటమునకై హెలికాప్టరు నుండి దుమికిన అనిల్, ఉదయ్ అను నటులిద్దరు మునిగిపోయిరి. నీట తేల్చు కవచములు వారికి లేవు. వారితో దుమికిన కథానాయకుడు బ్రదికి బయటపడెను. నిజాంసాగరు కట్టపై నిలిచినపుడెల్ల నాకు ఆ నీరు జ్ఞాపకమునకు వచ్చును.

మరుసటి యేడు ఆ పాఠశాలకు పిలువకయే పోతిని. కనుబొమపై మచ్చగల బాలుడే ఈ మారు గదలు కట్టించుచుండెను: లోపల వెదురుబద్దల బుట్ట, పైన పాతచీర, దానిపై కాగితమంటించి పసుపురంగు. ఇద్దరు పిల్లలు ఒకటి, రెండు, మూడని లెక్కించుకొనుచు, నీటిలో నడచినట్లు నెమ్మదిగ కొట్టుకొనుచుండిరి. మూడు అనగనే తెరవెనుక నొకడు డప్పు మీద పుల్ల వేయును. దుర్యోధనుడు తొడ పట్టుకొని ఒరుగును. ఎదుట కూర్చున్న నాకు గద తొడపై పడినట్లే యున్నది. నిజముగ ఎంత ఎడమున పోయినదని అడిగితిని.

"జానెడు సార్" అని వ్రేళ్ళు చాపి చూపెను.