ఇంకాల రాళ్లను కరిగించి పోశారా?

పెరూలోని కుస్కో నగరం పక్కన సక్సాయ్‌వమాన్ గోడలు చూసినవాళ్లకు ఒక సందేహం తప్పదు. ఇనుప పనిముట్లు లేవు, బండి చక్రం లేదు. వంద టన్నులు దాటుతాయని అంచనా వేసిన బండలను సందు లేకుండా ఎలా పేర్చారు? ఏదో చెట్టు పసరు పోసి రాతిని మైనంలా మెత్తబరిచారని కొందరంటారు. గ్రహాంతరవాసులు వచ్చి కట్టిపోయారని మరికొందరు. 1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ పుస్తకం వెలువడ్డాక ఈ రెండో కథకు గిరాకీ బాగా పెరిగింది.

ఈ కథలను వినొచ్చు, తప్పులేదు. విన్నాక ఒలాంటాయ్‌టాంబో అనే మరో ఇంకా కట్టడాల చోటు కూడా చూడాలి. అక్కడి సూర్యాలయపు రాళ్లు ఉరుబాంబా నదికి అవతలి కొండ మీది కచికాటా క్వారీవి. గుడి దాకా చేరని బండలు దారి పొడవునా ఈనాటికీ పడి ఉన్నాయి. వాటిని ‘అలసిపోయిన రాళ్లు’ అంటారు. ఆకాశయానంలో వచ్చే రాయికి దారిలో అలసట ఎందుకు? పైగా కొన్నిటి మీద ఈడ్చిన గీతలున్నాయి.

1980లలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ జాన్‌-పియెర్ ప్రోట్జెన్ గట్టి గుండ్రాళ్లనే సుత్తులుగా పట్టుకుని ఒక చిన్న బండను చెక్కి చూశాడు. రెండు గంటలైనా పట్టకుండానే మూడు ముఖాలు చదునయ్యాయి. రాతి నడుమ పెద్ద గంట్లు పడ్డాయి, అంచుల్లో సన్నవి. ఇంకాల గోడల మీదా సరిగ్గా అవే గుర్తులు! పసరు కథకు ఇక్కడే గాలి పోయింది. ఇక మోత సంగతి. 16వ శతాబ్దపు స్పానిష్ చరిత్రకారుడు సియెజా దె లియోన్ సక్సాయ్‌వమాన్ పనికి 20,000 మందిని పెట్టారని రాశాడు. వారిలో 4,000 మంది రాయి కొట్టేవాళ్లు, 6,000 మంది లావుపాటి తాళ్లతో లాగేవాళ్లు. అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చు గానీ, లాగింది మనుషులేనన్న సంగతిలో ఆయనకు అనుమానమే లేదు.

మాచు పిచ్చు మీది అపోహల్లో కొన్ని పండితుల చలవే. 1911లో హైరమ్ బింగమ్ ‘కనుగొన్న’ నాటికే అక్కడ రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. 1902లోనే అగుస్తీన్ లిజారగా అనే స్థానికుడు గోడ మీద తన పేరు రాసి వెళ్లాడు. దొరికిన అస్థిపంజరాల్లో అత్యధికం స్త్రీలవేనని అప్పట్లో తేల్చడంతో అది సూర్యకన్యల ఆశ్రమమన్న కథ పుట్టింది. 2000లో జాన్ వెరానో వాటిని మళ్లీ పరీక్షిస్తే స్త్రీపురుషులు దాదాపు సమానంగా ఉన్నారు. అది పచకూటి చక్రవర్తి విడిది అన్నది ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించే మాట.

అక్కడి ఇంతివతానా శిలపై అరచేతులు పెడితే శక్తి ప్రవహిస్తుందనే నమ్మకానికి కొలిచి చూపిన ఆధారం లేదు. 2000లో బీరు ప్రకటన చిత్రీకరణలో క్రేన్ తగిలి ఆ రాతి అంచు మాత్రం విరిగింది.

అలాగని ఇంకాలకు రాయి వట్టి రాయి కాదు. కొండలు, ఊటలు, బండలు వారికి ప్రాణమున్న ‘వాకా’లు. కుస్కో నుంచి అన్ని దిక్కులకూ సాగే 41 ఊహారేఖల వెంట మూడు వందలకు పైగా వాకాలను 17వ శతాబ్దంలో బెర్నబే కోబో అనే పాద్రీ నమోదు చేశాడు. స్పానిష్ మతాధికారులు వాటిలో ఎన్నిటినో ధ్వంసం చేయించారు. అయినా కొండదేవతలైన ‘అపు’లకు కోకా ఆకులు సమర్పించే ఆచారం ఆండీస్ పల్లెల్లో నేటికీ ఉంది. మార్మికత వెతికే యాత్రికులకు కోబో జాబితా చాలినంత పని పెడుతుంది. అందులోని ఊటలు, చెక్కిన బండలు కొన్ని కుస్కో నుంచి నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నాయి.