అమ్మకానికి పునీతుడి వెంట్రుకలు

2025 మార్చిలో ఒక ఆన్‌లైన్ వేలం పాట రెండు వేల యూరోలు దాటింది. సరుకు కాసిని తలవెంట్రుకలు. అవి కార్లో అకుటిస్‌వని అమ్మేవాళ్ల మాట. దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ తయారుచేసి, 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో కన్నుమూసిన ఇటలీ కుర్రాడతను. జగద్గురువులు పద్నాలుగో లియో అతణ్ని పునీతుడిగా ప్రకటించింది ఆ సెప్టెంబరు 7న. ఆ ప్రకటన రాకముందే అంగడి తెరిచేశారన్నమాట!

అసిసి బిషప్ డొమెనికో సొరెంటినో పెరూజా ప్రాసిక్యూటర్లకు ఫిర్యాదు చేశారు. ఆ వెంట్రుకలు అసలువో నకిలీవో తమకు తెలియదనీ అన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. వెంట్రుక మీదా, ఎముక మీదా పేరు రాసి ఉండదు.

మరి తిరుశేషాన్ని, అంటే పునీతుల పవిత్ర అవశేషాన్ని, నమ్మేదెలా? గుండ్రటి చిన్న లోహపు డబ్బీ, ముందు గాజు. లోపల పట్టుగుడ్డ మీద అతికించిన ఎముక నలుసు, దాని కింద లాటిన్‌లో పునీతుడి పేరున్న సన్నని చీటీ. వెనకవైపు అడ్డంగా ఎర్రదారం, దారం కదలకుండా ఎర్రలక్క ముద్ర. డబ్బీతోపాటు బిషపో, ఆయన నియమించిన అధికారో సంతకం చేసిన పత్రం. పత్రం మీది ముద్రా, లక్క ముద్రా కలవాలి. దారం తెగితే నమ్మకమూ తెగినట్టే. ఇంత కట్టుదిట్టం చేసినా, ఆ పత్రం చెప్పేది ‘ఇది మా చేతుల మీదుగా వచ్చింది’ అనే. ఎముక పుట్టుపూర్వోత్తరాలకు అది పూచీ కాదు.

ఫ్రెంచి పునీతురాలు జోన్ ఆఫ్ ఆర్క్ సీసా సంగతి చూడండి. 1867లో పారిస్‌లోని ఒక మందుల దుకాణం అటక మీద దొరికింది. ఆమెను కాల్చిన చితి కింద ఏరినవని పైన రాసి ఉంది. నల్లబారిన పక్కటెముక, గుడ్డ ముక్క, పిల్లి తొడ ఎముక లోపలున్నాయి. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ షార్లియే బృందం వాటిని పరీక్షించింది. అత్తరు నిపుణుల చేత వాసన కూడా చూపించారు. వాళ్లకు వెనీలా వాసన తగిలింది. కాలిన శవానికి ఆ వాసన రాదు, మెల్లగా శిథిలమైనదానికి వస్తుంది. 2007లో తేలిందేమంటే, అది ఈజిప్టు మమ్మీ ఎముక! జోన్ కంటే పదిహేను వందల ఏళ్లకు పైగా పాతది. సైన్స్ ఇలా అబద్ధాన్ని పట్టివ్వగలదు. ‘ఇది ఫలానా పునీతుడిదే’ అని తేల్చడం మాత్రం దానికీ అంత తేలిక కాదు.

అమ్మకం మీద నిషేధం పాతదే. 386లోనే రోమన్ చక్రవర్తి థియొడోసియస్ వేదసాక్షుల అవశేషాల వ్యాపారాన్ని నిషేధించాడు. ఇప్పటి శ్రీసభ చట్టం 1190వ నిబంధన ప్రకారం పవిత్ర అవశేషాలు అమ్మడం ఎంతమాత్రమూ కుదరదు. అయినా దొంగదారి ఉంది. ‘ధర వెండి డబ్బీకి మాత్రమే, లోపలిది ఉచితం’ అంటారు. పాల ధర గిన్నెకు కట్టడమంటే ఇదే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది అమ్మేవాడు కాదు, మంచి మనసుతో కొనేవాడు. పవిత్రవస్తువు అంగట్లో పడి ఉండకూడదని, కాపాడదామని పాట పెంచుతాడు. వ్యాపారికి అతని ఉద్దేశంతో పనిలేదు. డబ్బు ముట్టింది కాబట్టి మరో డబ్బీ తెస్తాడు, అది దొరక్కపోతే తయారుచేస్తాడు.

కాబట్టి ధర పలుకుతున్న తిరుశేషం కంటపడితే, దాన్ని కాపాడటానికైనా సరే, కొనకండి. మీ మేత్రాసన కార్యాలయానికి చెప్పండి.